ఉక్కు తగువు యాపిల్ ధరలోకి ఎలా దిగింది? పర్లాకిమిడి బజారు నుంచి ఒక లెక్క

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మా పర్లాకిమిడిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఉత్త చేతులతో చూడ్డానికి వెళ్లం. బ్రెడ్డు ప్యాకెట్టో, అరడజను కమలాలో, మరీ దగ్గరివాళ్లయితే కిలో యాపిల్ పళ్లో పట్టుకెళ్తాం. 2019 చివర్లో మా మేనత్తకి ఆపరేషన్ అయింది. ఆవిడకి వాషింగ్టన్ యాపిల్ అంటే ఇష్టం. ముదురు ఎరుపు, కింద అయిదు బొడిపెలు, పైన చిన్న స్టిక్కర్ ఉండే రకం. బస్టాండు దగ్గర ఎప్పుడూ కొనే బండి దగ్గర ఆగి అడిగాను.

"వాషింగ్టన్ ఉందా బాబాయ్?"

"ఆ సరుకు మానేసినాం బాబూ. పెట్టె మీద మూడొందలు పైగా పెరిగిపోనాది. ఎవుడు కొంతాడు? టర్కీది ఉంది, అదీ ఎర్రగానే ఉంటాది. తీస్కో."

ఎందుకు పెరిగిందని అడిగితే, "ఏటో, ఇనుముకీ దీనికీ లింకు ఉందట, టీవీలో సెప్పినారు" అన్నాడు. ఇనుముకీ యాపిల్‌కీ లింకేమిటా అని ఆ రోజు నాకూ నమ్మకం కలగలేదు. తర్వాత ఒక్కో కాగితం చదువుకుంటూ పోతే ఆయన చెప్పిందే నిజమని తేలింది. అయిదేళ్లు నడిచిన ఆ తగువును మొదటి నుంచీ విప్పి చూస్తే, మన బజారులో పండు ధర ఎక్కడెక్కడ నిర్ణయమవుతుందో అర్థమవుతుంది.

ముందు సుంకం ఎవరు కడతారన్న సంగతి తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. "అమెరికా యాపిల్ మీద ఇండియా పన్ను వేసింది" అనగానే ఆ డబ్బు అమెరికా వాడు కడతాడనుకుంటాం. ఓడ ముంబై దగ్గరి నవా శేవా రేవుకో, చెన్నైకో వచ్చాక సరుకు విడిపించుకునేది మన దిగుమతిదారు. కస్టమ్స్ వాళ్లకు డబ్బు కట్టేదీ అతనే. కట్టింది ధరలో కలుపుకుంటాడు. ధర పెరిగితే ఇక్కడ కొనుగోళ్లు తగ్గుతాయి, అప్పుడు అక్కడి రైతుకి నష్టం. అంటే ఎదుటివాడికి దెబ్బ తగలాలంటే అది ముందు మన జేబులోంచి వెళ్లి తగలాలి.

ఇప్పుడు ఉక్కు సంగతి. 2018 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ బయటి దేశాల ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేశారు. దానికి వాడుకున్నది 1962 నాటి వాణిజ్య చట్టంలోని 232వ సెక్షన్. దిగుమతుల వల్ల దేశ భద్రతకు ముప్పు ఉందని తేలితే వాటిని అడ్డుకునే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే సెక్షన్ అది. మన దేశం నుంచి వెళ్లే ఉక్కూ, అల్యూమినియమూ ఆ లెక్కలోకి వచ్చాయి. మినహాయింపు ఇమ్మని మన ప్రభుత్వం అడిగింది, దొరకలేదు.

మే నెలలో ఇండియా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. జూన్‌లో, ప్రతిగా అమెరికా సరుకుల మీద అదనపు సుంకం వేస్తామంటూ జాబితా ప్రకటించింది. యాపిల్, బాదం, అక్రోటు, శనగలు, మసూర్ పప్పు, కొన్ని రసాయనాలు, ఉక్కు సరుకులు అందులో ఉన్నాయి. కానీ వెంటనే వేయలేదు. మాటలతో సర్దుకుంటుందేమోనని ఆ తేదీని మళ్లీ మళ్లీ వాయిదా వేస్తూ ఏడాది గడిపింది. 2019 జూన్ 5న అమెరికా ఇంకో దెబ్బ కొట్టింది. వర్ధమాన దేశాల సరుకు కొంత సుంకం లేకుండా రానిచ్చే జీఎస్పీ అనే పాత వెసులుబాటు నుంచి మనల్ని తీసేసింది. ఆ వెసులుబాటును అందరికన్నా ఎక్కువగా వాడుకుంటున్న దేశం మనదే. సరిగ్గా పదకొండు రోజులకు, జూన్ 16న, 28 రకాల అమెరికా సరుకుల మీద మన ప్రతీకార సుంకం అమల్లోకి వచ్చింది. యాపిల్ మీద అప్పటికే అన్ని దేశాలకూ 50 శాతం ఉండేది. అమెరికా యాపిల్‌కి మాత్రం అది 70 అయింది.

ఈ 20 శాతం మా బజారు దాకా ఎలా నడిచి వచ్చిందో చూద్దాం. 2018-19లో అమెరికా నుంచి 1,27,908 టన్నుల యాపిల్ వచ్చింది, దాని విలువ 14.5 కోట్ల డాలర్లు. అప్పుడు డాలర్ సుమారు 70 రూపాయలు. భాగిస్తే రేవులో కిలో దాదాపు 80 రూపాయలకు దిగినట్టు. 50 శాతం సుంకం 40 రూపాయలు, మొత్తం 120. అదే 70 శాతం అయితే 56 కలిపి 136. తేడా 16 రూపాయలు. వాషింగ్టన్ పెట్టె సుమారు 20 కిలోలు ఉంటుంది కాబట్టి పెట్టెకి 320. బండి బాబాయ్ "మూడొందలు పైగా" అన్నది నోటి లెక్కే, అయినా కాగితం మీది లెక్కకి అంత దగ్గరగా ఉంది. పైగా కమీషన్ ఏజెంటూ, హోల్‌సేల్ వ్యాపారీ తమ వాటా శాతాల్లో తీసుకుంటారు. ఏజెంటు పది శాతం, చిల్లర వ్యాపారి పాతిక శాతం వేసుకున్నారనుకోండి, రేవు దగ్గరి 16 రూపాయలు మా దగ్గరికి వచ్చేసరికి 22 అవుతాయి. శ్రీకాకుళం నుంచో బరంపురం నుంచో ఇక్కడికి చేరేలోపు కుళ్లిపోయిన కాయల నష్టం కూడా ఆ పెరిగిన ధరలోనే పోతుంది. రోజుకి రెండు పెట్టెలు అమ్ముకునే మనిషి ఆ రిస్క్ ఎందుకు తీసుకుంటాడు?

ఉక్కుతో తగువైతే పండు మీద ఎందుకు కొట్టడం? ఇందులో ఒక పద్ధతి ఉంది. ప్రతీకార జాబితా రాసేవాళ్లు రెండు చూస్తారు. మనకి అది లేకపోతే పని ఆగిపోకూడదు. అవతల మాత్రం ఒక ప్రాంతం, ఒక వర్గం గట్టిగా అరవాలి. విమానం ఇంజిన్ మీద పన్ను వేస్తే నష్టం మన విమాన సంస్థలకే. యాపిల్ అలా కాదు. అమెరికా యాపిల్‌లో ఎక్కువ భాగం వాషింగ్టన్ అనే ఒక్క రాష్ట్రంలో పండుతుంది. ఈ సుంకానికి ముందు ఆ రాష్ట్రపు యాపిల్‌కి మెక్సికో తర్వాత పెద్ద బేరం ఇండియాదే.

వాషింగ్టన్ రైతుకి ఇది మామూలు నష్టం కాదు. మనకి వచ్చేది ఎక్కువగా రెడ్ డెలిషియస్ రకం. అమెరికాలో జనం ఆ రకం తినడం తగ్గించేశారు. దశాబ్దాలపాటు అక్కడ మొదటి స్థానంలో ఉన్న ఆ పండును 2018లో గాలా రకం వెనక్కి నెట్టింది. మన దగ్గర మాత్రం యాపిల్ అంటే ఎర్రగా నిగనిగలాడాల్సిందే, దేవుడి దగ్గర పెట్టినా పెళ్లి పళ్లెంలో పెట్టినా. అంటే అక్కడ ఇంట్లో అమ్ముడుపోని పండుకి మనమే ఆధారం. అక్కడ చెట్టు పీకేసి కొత్త రకం వేస్తే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఉక్కు కర్మాగారం మొహం చూడని రైతు ఉక్కు తగువులో నష్టపోయాడు. అతని మీద నాకు కోపమేమీ లేదు. మా కొండ కింద జీడితోట వేసుకున్న రైతుకీ అతనికీ తేడా ఏముంది?

ఈ రెడ్ డెలిషియస్ గురించే ఇంకో మాట చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన కథ. ఫిలడెల్ఫియా నుంచి 1904లో కుష్ఠు రోగులకు సేవ చేయడానికి మన దేశం వచ్చిన సామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ అనే యువకుడు సిమ్లా కొండల్లో కోట్‌గఢ్ దగ్గర స్థిరపడ్డాడు. అక్కడి అమ్మాయినే పెళ్లాడాడు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకీ వెళ్లాడు, తర్వాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. అమెరికా నుంచి డెలిషియస్ మొక్కలు తెప్పించి 1916లో అక్కడ నాటింది ఆయనే. ఈ రోజు హిమాచల్‌లో లక్షల కుటుంబాలు బతుకుతున్న యాపిల్ తోటలకు మొదలు అదే. కాశ్మీర్ రైతులు కూడా పెద్ద ఎత్తున పండించేది డెలిషియస్సే. కాబట్టి "దేశీ యాపిల్‌కీ విదేశీ యాపిల్‌కీ పోటీ" అని మనం అంటున్నది ఒకే అమెరికా చెట్టు పిల్లల మధ్య పోటీ.

ఇప్పుడు చట్టం వైపు. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రతి దేశమూ ఒక్కో సరుకు మీద ఇంతకి మించి సుంకం వేయనని మాట ఇస్తుంది. యాపిల్ మీద మన మాట 50 శాతం. ఇంకో నియమం, సభ్య దేశాలన్నిటికీ ఒకే రేటు ఉండాలి, ఒకడికి ఎక్కువ ఒకడికి తక్కువ కుదరదు. అమెరికా ఒక్కదానికే 70 శాతం వేయడం ఈ రెంటినీ దాటడమే. 2019 జూలైలో అమెరికా మన మీద కేసు వేసింది ఈ పాయింటు మీదే.

మన జవాబు ఇది. "మీరు దేశ భద్రత అని పేరు పెట్టారు గానీ చేసింది మీ ఉక్కు కంపెనీలను కాపాడుకోవడం. అలా చేస్తే నష్టపోయిన దేశానికి అంతే విలువగల రాయితీని వెనక్కి తీసుకునే హక్కు నియమాల్లోనే ఉంది. మేం చేసింది అదే." అమెరికా ఒప్పుకోలేదు. "మా భద్రతకి ముప్పో కాదో తేల్చేది మేమే, జెనీవాలో కూర్చున్న వాణిజ్య సంస్థ వాళ్లు కాదు" అంది. ఇలా ఎదురు కేసులు పేరుకున్నాయి. పై అప్పీలు వినాల్సిన బెంచీయేమో 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ రావడంతో చివరికి కోరం లేకుండా పోయింది. 2022 డిసెంబరులో చైనా, నార్వే, స్విట్జర్లాండ్, టర్కీ వేసిన కేసుల్లో ఆ ఉక్కు సుంకాలు నియమాలకు విరుద్ధమని ప్యానెల్ తీర్పు చెప్పింది. అమెరికా దాన్ని ఒప్పుకోలేదు, సుంకాలు తీయలేదు. కోర్టు గెలిచినవాడికి డిక్రీ అమలు కాకపోతే మన ఊళ్లో ఏమవుతుందో జెనీవాలోనూ అదే అయింది. ఇక మిగిలింది పెద్దమనుషుల ఒప్పందం.

అది 2023 జూన్‌లో ప్రధాని మోదీ అమెరికా రాజధాని వాషింగ్టన్ వెళ్లినప్పుడు కుదిరింది. రెండు దేశాలూ ఒకరి మీద ఒకరు వేసుకున్న ఆరు కేసులు ఒక్కసారే మూసేశాయి. మన ఉక్కు, అల్యూమినియం కొంత మేరకు ఆ సుంకం లేకుండా వెళ్లేలా వాళ్లు ఒప్పుకున్నారు. యాపిల్, అక్రోటు, బాదం, శనగలు, మసూర్ మీద అదనపు సుంకం మనం సెప్టెంబరులో తీసేశాం. యాపిల్ మళ్లీ 50 శాతానికి వచ్చింది. పండు కోసం మొదలుకాని తగువు పండు రుచి గురించి ఒక్క మాటైనా లేకుండానే ముగిసింది.

మరి ఆ అదనపు సుంకం ఉన్న నాలుగేళ్లలో ఎవరికి ఏం మిగిలింది? కేంద్ర వాణిజ్య శాఖే చెప్పిన లెక్క ఇది. 1,27,908 టన్నులున్న అమెరికా యాపిల్ 2022-23 నాటికి 4,486 టన్నులకు పడిపోయింది. డబ్బులో చెప్పాలంటే 14.5 కోట్ల డాలర్ల నుంచి 52.7 లక్షలకు. దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ అదే లెక్కలో ఇంకో వరుస ఉంది. మిగతా దేశాల నుంచి వచ్చే యాపిల్ 16 కోట్ల డాలర్ల నుంచి 29 కోట్లకు పెరిగింది. రెండూ కూడి చూడండి. ముందు 30.5 కోట్లు, తర్వాత 29.5 కోట్ల పైచిలుకు. విదేశీ యాపిల్‌కి మనం పెట్టే డబ్బు దాదాపు అంతే ఉంది, స్టిక్కర్ మీద దేశం పేరు మారింది. అమెరికా ఖాళీ చేసిన చోట టర్కీ, ఇరాన్, ఇటలీ, చిలీ, న్యూజిలాండ్ వచ్చి కూర్చున్నాయి.

ఆ ఖాళీ తమకి దొరుకుతుందని ఆశపడిన కాశ్మీర్, హిమాచల్ రైతుకి ఇది కడుపుమంట. మన దేశపు యాపిల్‌లో మూడొంతుల దాకా కాశ్మీర్‌దే. వాళ్ల గోడు ప్రధానంగా ఇరాన్ యాపిల్ మీద. అది మరీ తక్కువ ధరకు వస్తోందని, కొంత సరుకు ఆఫ్ఘనిస్తాన్ పేరు మీద దిగుతోందని వాళ్ల ఆరోపణ. సార్క్ దేశాల ఒప్పందం కింద ఆఫ్ఘన్ యాపిల్‌కి సుంకం లేదు మరి. ఈ కిటుకు మా సరిహద్దు వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒడిశా ప్రభుత్వం 2024 ఖరీఫ్‌లో క్వింటా ధాన్యానికి మద్దతు ధర మీద ఇంకో 800 కలిపి 3,100 ఇచ్చింది. ఏటి అవతల, ఆంధ్ర వైపు పాతపట్నంలో ఆ 800 లేవు. ధర ఎక్కువున్న వైపుకి బస్తా ఎలాగైనా రావాలనే చూస్తుంది, అందుకే కోతలప్పుడు సరిహద్దుల్లో బళ్లు ఆపి తనిఖీ చేస్తారు. వడ్ల గింజ మీద ఏ రాష్ట్రమో రాసి ఉండదు. యాపిల్ మీద స్టిక్కర్ ఉంటుంది గానీ స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు.

రైతుల ఒత్తిడితో 2023 మేలో కేంద్రం ఇంకో అడ్డుకట్ట వేసింది. రేవులో దిగే ధర కిలోకి 50 రూపాయలకు తక్కువుంటే ఆ యాపిల్‌ని రానివ్వరు, ఒక్క భూటాన్‌కి మినహాయింపు. నా మటుకు నాకు, అమెరికా మీద వేసిన 20 శాతం కన్నా ఇదే కాశ్మీర్ రైతు అసలు బాధకి దగ్గరగా ఉన్న చర్య అనిపిస్తుంది. కాకపోతే బిల్లులో ధర ఎక్కువ చూపించి తెచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి తనిఖీ గట్టిగా లేకపోతే ఇదీ కాగితమే.

ఆ 50 శాతం లోపల కూడా ఒక సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2021 బడ్జెట్‌లో యాపిల్ మీద అసలు కస్టమ్స్ సుంకాన్ని 15 శాతానికి తగ్గించి, మిగతా 35 శాతాన్ని వ్యవసాయ మౌలిక వసతుల సెస్సుగా మార్చారు. కొనేవాడికి తేడా లేదు, మొత్తం అంతే. కానీ సుంకంలో రాష్ట్రాలకు వాటా వస్తుంది, సెస్సులో రాదు. అంటే విదేశీ యాపిల్ మీద వసూలయ్యే ప్రతి 50 రూపాయల్లో 35 పూర్తిగా కేంద్రం దగ్గరే ఉంటాయి. వ్యవసాయ మౌలిక వసతులు అనే మాట వింటే నాకు మా కొండలే గుర్తొస్తాయి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పండ్ల మీద ఇలాంటి తగువు ఇదే మొదటిది కాదు. అరటిపండు కోసం అమెరికా, ఐరోపా ఇరవై ఏళ్లు కొట్టుకున్నాయి. 1993లో ఐరోపా తన పాత వలసల అరటికి ప్రత్యేక దారి ఇచ్చి, లాటిన్ అమెరికా అరటికి అడ్డం పెట్టింది. ఆ లాటిన్ అమెరికా అరటి వ్యాపారం అమెరికా కంపెనీలది. 1999లో ఐరోపా నుంచి వచ్చే 19 కోట్ల డాలర్ల పైచిలుకు సరుకుల మీద అమెరికా నూరు శాతం సుంకం వేసింది. హ్యాండ్‌బ్యాగులు, దుప్పట్లు, బ్యాటరీలు అందులో ఉన్నాయి. అక్కడ పండు తగువులో సంచులు కుట్టేవాళ్లు దెబ్బ తిన్నారు, ఇక్కడ ఉక్కు తగువులో తోటల వాళ్లు. 2009లో రాజీ కుదిరి, 2012లో ఆ ఫైలు మూశారు.

2025లో అదే దెబ్బ మన వైపు తిరిగింది. ఆగస్టు 27 నాటికి అమెరికా మన సరుకుల మీద అదనంగా వేసిన సుంకం 50 శాతానికి చేరింది. సగం రష్యా నుంచి మనం చమురు కొంటున్నందుకు అన్నారు. ఆ వారం ఇక్కడ అందరూ మాట్లాడుకున్నది రొయ్యల గురించే. శ్రీకాకుళం తీరం, గంజాం తీరం రెంటా రొయ్యల చెరువులున్నాయి, అప్పటికి మన రొయ్యకి అన్నిటికన్నా పెద్ద బేరం అమెరికాయే. చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషికి రష్యా చమురుతో ఏం సంబంధం అని మా తమ్ముడు వరసైన కుర్రాడు టెన్షన్‌తో అడిగాడు. వాషింగ్టన్ యాపిల్ రైతుకి ఉక్కుతో ఉన్నంత సంబంధమే అని చెప్పాను. చెప్పాక నాకే బాధేసింది, వాడి చెరువులో పంట అప్పటికి నెల రోజుల్లో పట్టుబడికి వస్తుంది.

ఇక మా కొండల సంగతి. యాపిల్ గురించి జెనీవాలో వాదించే మనుషులున్నారు, కాశ్మీర్‌లో రోడ్డెక్కే సంఘాలున్నాయి, వాషింగ్టన్‌లో ఉత్తరాలు రాసే ఎంపీలున్నారు. పండును నెలల తరబడి దాచే కోల్డ్ స్టోరేజీలున్నాయి, కాబట్టి ధర బాగోకపోతే ఆగి అమ్ముకోగలరు. దసరా ముందు మహేంద్రగిరి వైపు పల్లెల నుంచి సవర ఆడవాళ్లు సీతాఫలాల గంపలు దించుతారు. తెల్లవారి ఒక ధర, ఎండెక్కాక ఒక ధర, మధ్యాహ్నం దాటితే అడిగినంతకే. సాయంత్రం బస్సుకి కొండెక్కాలి, పండేమో రేపటికి నల్లబడిపోతుంది. ఈ పండు మీద ఏ దేశమూ సుంకం వేయలేదు, ఏ తగువూ లేదు. అయినా నష్టం రోజూ జరుగుతోంది. ఆ 35 శాతం సెస్సులో ఒక చిన్న చల్లగిడ్డంగి ఇక్కడికి రావాలని నేను అడగడం తప్పేమీ కాదు.

మొన్న సీజన్లో బండి దగ్గరికి వెళ్తే వాషింగ్టన్ పెట్టె మళ్లీ కనిపించింది. పక్కన కాశ్మీర్‌ది, దాని పక్కన ఇంకే దేశానిదో. మేనత్తకి కిలో తీసుకున్నాను. బాబాయ్ పెట్టెలో చివరి అర తీసి, ఊదారంగు ట్రేలు పక్కన పెట్టి, ఖాళీ అట్టపెట్టెని ఎదురుగా కూర్చున్న గంపల ఆమె వైపు జరిపాడు.

"ఇదిగో అమ్మా, ఇది గట్టిది. నీ పళ్లు ఇందులో సర్ది బరంపురం బస్సులో పంపించీ. గంపలో అయితే నలిగిపోతాయి."

ఆమె పెట్టె అడుగున ఆకులు పరిచి, మెత్తబడని కాయలు ఏరి ఒక్కోటి పెట్టడం మొదలుపెట్టింది.